ఆడేవాళ్లు చేసుకున్న టూల్ ఆటలోనే ఉండాలి

రాత్రి అమలాపురంలో ఒకటే వాన, కరెంటు వస్తూ పోతూ ఉంది, ఇన్వర్టర్ మీద నేనూ, భీమవరం నుంచి మా బామ్మర్దీ ఆన్‌లైన్ వీడియో గేమ్‌లోకి దిగాం. కొత్త అప్‌డేట్ పడింది, అంతే, బాస్ (ఆటలో పెద్ద శత్రువు) దెబ్బ కొట్టే ముందు హెచ్చరించే యాడాన్, అంటే ఆటకి బయట నుంచి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం, పనిచేయడం మానేసింది. "బావా, ఎప్పుడు పక్కకి జరగాలో తెలియట్లేదు" అని వాడికి టెన్షన్. నాలుగుసార్లు చచ్చాం. ఆ యాడాన్ చేసింది కంపెనీ కాదు, మనలాగే ఆడే ఒకాయన, పైసా జీతం లేకుండా ప్రతి అప్‌డేట్‌కీ కూర్చుని సరిచేస్తాడు. ఆయనకి జ్వరమొస్తే మా అందరి ఆటా ఆగిపోవాలా?

అంతమంది వాడుతున్నారంటే అది ఆటలో ఉండాల్సిందే. మైన్‌క్రాఫ్ట్‌లో పిస్టన్లు (పక్క దిమ్మెల్ని తోసేవి) మొదట ఒక ఆటగాడి మాడ్, అంటే ఆటకి సొంతంగా చేసుకున్న మార్పు, 2011లో బీటా 1.7 అప్‌డేట్‌తో ఆటలో కలిపారు. 2013లో గుర్రాలు తెచ్చినప్పుడైతే జంతువుల మాడ్ చేసినాయన సాయమే తీసుకున్నారు, అది నాకు చాలా నచ్చింది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో స్క్రీన్ మనకి నచ్చినట్టు సర్దుకోవాలంటే ఏళ్ల తరబడి యాడాన్లే దిక్కు, 2022లో గానీ ఆటలోనే సర్దుకునే ఎడిట్ మోడ్ రాలేదు.

కాకపోతే కలిపేశాక బయటి టూల్స్‌కి తలుపు మూసేయకూడదు. మా బామ్మర్దికి ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయి, వాడికి ఆనే రంగులు ఆ యాడాన్‌లోనే పెట్టుకున్నాడు, కంపెనీ ఇచ్చేదాంట్లో ఆ వెసులుబాటు లేకపోతే వాడేం చేయాలి? చేసినవాళ్ల పేరు వెయ్యాలి, డబ్బూ ఇవ్వాలి.

యాడాన్ బాగయ్యేదాకా వేరే ఆట ఆడుకుందాం అన్నాను వాడితో.