సగం మెషీన్లు ఖాళీ, క్యూ మాత్రం పార్కింగ్ దాకా

మార్చి 3, 2020. టెక్సాస్‌లో ప్రైమరీ (పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నిక) ఓటు వేసి ఇప్పుడే ఇల్లు చేరా. ఒళ్ళు మండిపోతోంది.

క్యూ బిల్డింగ్ చుట్టూ తిరిగి పార్కింగ్ దాకా వచ్చేసింది. పోనీలే, జనం వచ్చారు, మంచిదే అనుకున్నా. తీరా లోపలికెళ్తే సగం మెషీన్లు ఖాళీ! ఇక్కడ ప్రైమరీ పార్టీల వ్యవహారం. రెండు పార్టీలూ ఉమ్మడిగా నడపడానికి ఒప్పుకోకపోతే మెషీన్లు విడివిడిగా పెడతారు. మా దగ్గర చెరిసగం పంచేశారు, ఎటు ఎంతమంది వస్తారన్న అంచనా లేకుండా. ఈసారి పోటీ అంతా డెమొక్రాట్లలోనే. అటు రిపబ్లికన్లలో ట్రంప్‌కి చెప్పుకోదగ్గ పోటీయే లేదాయె! ఆ రిపబ్లికన్ మెషీన్ల దగ్గరావిడ తీరిగ్గా స్వెట్టర్ అల్లుకుంటోంది. ఇటు నా ముందు పెద్దావిడ వాకర్ పట్టుకుని కాళ్ళు మార్చి మార్చి నిలబడుతోంది. అవి వాడుకోనివ్వండి అంటే, "అవి వాళ్ళవండీ, కుదరదు" అన్నారు.

"ఎర్లీ ఓటింగ్‌లో (పోలింగ్ రోజుకి ముందే) వేసేయొచ్చుగా" అని మా బావగారి ఉచిత సలహా. అలా వేసిన మా ఫ్రెండ్ ఓటు డెమొక్రాట్ అభ్యర్థుల్లో ఒకడైన పీట్ బుటిజెజ్‌కి పడింది. ఆయనేమో మొన్న ఆదివారం పోటీలోంచి తప్పుకున్నాడు. ఆ ఓటు గంగలో కలిసినట్టే.

ఏడింటికి పోలింగ్ ముగిసినా అప్పటికే లైన్లో ఉన్నవాళ్ళు ఓటెయ్యొచ్చు. ఆ ముక్క చెప్పే నాథుడు లేక కొందరు విసుగొచ్చి వెళ్ళిపోయారు. హ్యూస్టన్‌లో ఒక యూనివర్సిటీ దగ్గర లైన్ ఇంకా నడుస్తూనే ఉందట.

నవంబరులో అసలు ఎన్నిక. ఈసారి మడత కుర్చీ, పులిహోర డబ్బా పట్టుకెళ్తా.