ఏడో తీగ ఇంకా 4 సెంట్లు ఎక్కువే
తక్కువ ధరలో కొన్న ఏడు తీగల మల్టీస్కేల్ (ఒక్కో తీగకు ఒక్కో పొడవు ఉండే) గిటార్‌లో నన్ను సతాయిస్తున్నది ఒక్క ఏడో తీగే. దాన్ని 'ఎ'కు దించి శ్రుతి చేస్తే, ఓపెన్‌గా మీటినప్పుడు సరిగ్గా 55 హెర్ట్జ్ పలుకుతుంది కానీ, సరిగ్గా దానికి రెట్టింపు పలకాల్సిన 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డపట్టీ) దగ్గర నొక్కగానే 11 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) హెచ్చుతుంది. పైగా తీగ పొడవు పెంచి ఆ హెచ్చును తగ్గించే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) అప్పటికే వెనక్కి జరగగలిగినంతా జరిగిపోయింది. మిగతా ఆరు తీగలూ ఒక్క పూటలో కుదిరాయి.

తీగను పరీక్షగా చూస్తే, అది శాడిల్ మీద నుంచి తిన్నగా బయలుదేరకుండా, చిన్న విల్లులా పైకి లేచి ఆ తర్వాత తిన్నబడుతోంది. 68 గేజ్ (0.068 అంగుళాల లావు) తీగ అంత సులభంగా వంగదు. శాడిల్‌కు ఆనుకొని బొటనవేలితో గట్టిగా నొక్కి మలుపు తేల్చగానే 2 సెంట్లు తగ్గాయి.

మిగిలిన 9 సెంట్లకు లెక్క వేశాను. ఆ తీగ స్కేల్ (మోగే పొడవు) 27 అంగుళాలు, అంటే 685.8 మిల్లీమీటర్లు, ఒక్కో సెంటుకు శాడిల్ సుమారు 0.4 మిల్లీమీటర్లు వెనక్కి జరగాలి కాబట్టి నాకు ఇంకా 3.5 మిల్లీమీటర్లు కావాలి. శాడిల్ వెనుక ఉన్న స్ప్రింగును కత్తిరిస్తే 1.6 మిల్లీమీటర్లు దొరికి, తేడా 5 సెంట్లకు దిగింది. నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడిని కొద్దిగా లోతు చేసినందువల్ల మొదటి ఫ్రెట్ బాగా మెరుగుపడింది గానీ, 12వ ఫ్రెట్ దగ్గర కలిసివచ్చింది ఒక్క సెంటే. తీగ కంపనాన్ని పట్టే పికప్ అయస్కాంతం లాగుతోందేమోనని దాన్ని కిందికి దించి చూశాను. తేడా ఏమీ రాలేదు.

అసలు ఆధారం వేరేచోట దొరికింది. అదే తీగను 'బి'కి, అంటే 61.74 హెర్ట్జ్‌కు, బిగిస్తే తప్పు దాదాపు మాయమవుతోంది. బిగువు సుమారు 26 శాతం పెరగడంతో, నొక్కినప్పుడు తీగ సాగడం వల్లా దాని బిరుసు వల్లా వచ్చే హెచ్చు రెండూ తగ్గుతున్నాయి. కనుక లోపం ఫ్రెట్లలో లేదు; వదులుగా ఉన్న తీగకు కావలసినంత చోటు బ్రిడ్జ్‌లో లేదు. రాల్ఫ్ నోవాక్ 1989లో పేటెంట్ పొందిన ఈ విసనకర్ర ఫ్రెట్ల (ఏటవాలుగా విచ్చుకునే ఫ్రెట్ల, అంటే మల్టీస్కేల్) పద్ధతిలో 25.5కు బదులు 27 అంగుళాలు దక్కడం వల్ల అదే తీగకు, అదే శ్రుతికి 12 శాతం ఎక్కువ బిగువు వస్తుంది. అది మంచి లాభమే కానీ, 'ఎ'కు చాలడం లేదు. ఇలాంటి గిటార్ కొనేవారు స్కేల్ అంకెలతో సరిపెట్టుకోకుండా, లావు తీగ శాడిల్ వెనుక ఎంత చోటు మిగిలిందో తప్పక చూడాలని నా గట్టి అభిప్రాయం.

ఏటవాలు ఫ్రెట్ల మధ్య నిటారుగా ఉండే ఒక్క ఫ్రెట్ 7వది కావడం మాత్రం నాకు ఎంతో నచ్చింది. మొదటి ఫ్రెట్లలో కార్డులు (కలిపి మోగించే స్వరాలు) పట్టేటప్పుడు మణికట్టుకు శ్రమ లేదు. మెడ మందంలో నా మనసు ఇప్పటికీ ఇబనెజ్ కంపెనీ సన్నని విజర్డ్ మెడల వైపే మొగ్గుతుంది.

ఇక మీదట అదే లావులో, లోపలి ఉక్కు కోర్ సన్నగా ఉన్న విడి తీగ ఒకటి వేసి చూస్తాను. అప్పటికీ 2 సెంట్ల లోపుకు రాకపోతే, శాడిల్‌ను వెనక్కి మరో 2 మిల్లీమీటర్లు జరపగలిగే విడి బ్రిడ్జ్ ముక్కను ఆ ఒక్క తీగకే బిగిస్తాను. 28 అంగుళాల ఎనిమిది తీగల గిటార్ మీద కన్ను పడిన మాట నిజమే కానీ, దాని బ్రిడ్జ్‌ను స్కేలుతో కొలిచి చూశాకే ఆ సంగతి.