శ్రీలంక బాగుపడిందా? నేనైతే కార్ల లెక్క చూస్తా

2022 జులైలో కొలంబోలో ప్రెసిడెంట్ బంగ్లాలోకి జనం దూరి స్విమ్మింగ్ పూల్‌లో ఈత కొట్టిన వీడియో అందరం చూశాం, ఆ తర్వాత ఆ దేశం సంగతి చాలామంది వదిలేశారు. నేను మాత్రం అప్పుడప్పుడూ శ్రీలంక లెక్కలు చూస్తూనే ఉంటా, అదో పిచ్చి అనుకోండి. ఈ మధ్య ఎవర్ని కదిపినా "శ్రీలంక కోలుకుంది" అంటున్నారు. కోలుకున్న మాట నిజమే. అది ఎంత గట్టిదో తెలియాలంటే మాత్రం జీడీపీ కన్నా కార్ల దిగుమతి చూడటం బెటర్ అని నా ఫీలింగ్.

ఎందుకంటే అక్కడ గొడవంతా డాలర్లదే. 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పులు ఇప్పట్లో కట్టలేం అని చేతులెత్తేశారు, ఉన్న అప్పు దాదాపు 5,100 కోట్ల డాలర్లు, మే నెలలో ఆర్థిక మంత్రి అలీ సబ్రీ పార్లమెంటులో నిలబడి వాడుకోడానికి చేతిలో 5 కోట్ల డాలర్లు కూడా లేవని చెప్పాడు. పెట్రోల్ షిప్పు రేవుకొచ్చి నిలబడితే దింపుకోడానికి డబ్బుల్లేవు, రోజుకి 13 గంటల దాకా కరెంటు కోతలు, పేపర్ లేక బడుల్లో పరీక్షలు ఆపేశారు. ఇంక డాలర్లు మిగలాలంటే ఆపడానికి వీలున్నవి ఆపాలి, అందులో మొదటిది కార్లు. నిజానికి వాటిని 2020 మార్చిలోనే, కొవిడ్ వచ్చి టూరిస్టులు ఆగిపోగానే ఆపేశారు. మళ్లీ జనం సొంత కార్లు తెప్పించుకోనిచ్చింది 2025 ఫిబ్రవరిలో. దాదాపు ఐదేళ్లు! ఈలోపు వాడేసిన కార్లు కొన్న రేటుకంటే ఎక్కువకి అమ్ముడుపోయాయి.

దీనంతటికీ చైనాయే కారణం అని మనవాళ్లు తేలిగ్గా తేల్చేస్తారు, హంబన్‌తోట పోర్టు చైనా కంపెనీకి 99 ఏళ్లకి లీజుకిచ్చారు కదా అని. చైనా అప్పు అన్ని రకాలుగా కలిపినా ఐదో వంతు దగ్గరే ఉంటుంది, అంతకంటే ఎక్కువ డాలర్ బాండ్లు (అంటే డాలర్లలో తీర్చాల్సిన అప్పు పత్రాలు) అమ్మి మార్కెట్లో తెచ్చినది. నన్నడిగితే అసలు దెబ్బ 2019 చివర్లో పడింది. గోటబయ రాజపక్స ప్రెసిడెంట్ ఎలక్షన్ గెలిచీ గెలవగానే వాట్‌ని (మన జీఎస్టీ లాంటి అమ్మకం పన్ను) 15 శాతం నుంచి 8కి దించేశాడు, ఇంకొన్ని ట్యాక్సులు తీసేశాడు, జనం సంబరపడ్డారు. ఖజానా ఖాళీ అయింది, కొన్ని నెలలకే కొవిడ్, అప్పు తీర్చగలరా లేదా అని ఇచ్చే రేటింగ్ పడిపోయింది, కొత్త బాండ్లు కొనేవాడు లేడు. అది చాలదన్నట్టు 2021లో రాత్రికి రాత్రి రసాయన ఎరువులు బ్యాన్ చేసి వరి దిగుబడి పడగొట్టి, ఆ బియ్యం కోసం మళ్లీ డాలర్లే ఖర్చు పెట్టుకున్నారు. ఇది మాత్రం ఎన్నిసార్లు చదివినా నమ్మబుద్ధి కాదు.

తర్వాత సంగతి క్లుప్తంగా చెప్తా. ఇండియా దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది, 2023 మార్చిలో ఐఎంఎఫ్ (కష్టాల్లో ఉన్న దేశాలకి షరతులతో అప్పిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి) నాలుగేళ్లకి సుమారు 300 కోట్ల డాలర్ల అప్పుకి ఒప్పుకుంది (వాళ్ల దగ్గరికి వెళ్లడం ఇది 17వ సారి!), వాట్ 18 శాతానికి ఎక్కింది, 70 శాతం దగ్గరికి పోయిన ద్రవ్యోల్బణం ఏడాదిలో దిగొచ్చింది, 2024లో గ్రోత్ 5 శాతం. ఆ రేట్లు, ఆ కరెంటు బిల్లులు మోసింది మాత్రం మామూలు జనమే. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2024లో కూడా దాదాపు నాలుగో వంతు జనం పేదరికంలోనే ఉన్నారు, 2019తో పోలిస్తే డబుల్.

ఇప్పుడు కార్ల దగ్గరికి వద్దాం. దిగుమతి తెరవగానే జనం ఎగబడ్డారు, 2025లో ఒక్క వాహనాలకే 100 కోట్ల డాలర్లు దాటి బయటికి పోయాయి. మరి మళ్లీ ఆపొచ్చు కదా అంటే కుదరదు, ఎందుకంటే కారు మీద వేసే పన్నులు మామూలువి కావు, ఆ ఏడాది ప్రభుత్వ ఆదాయం బాగా పెరిగిందంటే అందులో పెద్ద భాగం ఆ పన్నులదే. ఐఎంఎఫ్‌కి చూపించాల్సిన ఆదాయం రావాలంటే కార్లు రావాలి, కార్లు వస్తే దాచుకోవాల్సిన డాలర్లు పోతాయి. రూపాయల లెక్క సరిపోతే డాలర్ల లెక్క తప్పుతుంది. ఐదేళ్ల ఆకలి తీరిపోయి జనం కొనడం తగ్గించారనుకోండి, అప్పుడు డాలర్లు మిగులుతాయి కానీ పన్ను ఎక్కడినుంచి వస్తుందో చూడాలి.

డాలర్లు వచ్చే దారులు చూస్తే టూరిస్టులు, గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు పంపేది, బట్టల ఎగుమతి, టీ. అన్నీ వేరేవాళ్ల చేతిలో ఉన్నవే. 2025లో ట్రంప్ ముందు 44 శాతం టారిఫ్ అన్నాడు, తర్వాత 30, చివరికి 20, బట్టలు ఎక్కువగా కొనేది అమెరికానే కాబట్టి ఆ కొన్ని నెలలు ఫ్యాక్టరీల వాళ్లకి నిద్ర పట్టి ఉండదు. నవంబర్‌లో దిత్వా తుఫాను, 600 మందికి పైగా చనిపోయారు, రోడ్లు, రైల్వే లైన్లు కొట్టుకుపోయాయి, అదంతా కట్టుకోడానికి మళ్లీ అప్పే.

బాండ్ల వాళ్లతో 2024 డిసెంబర్‌లో కుదుర్చుకున్న డీల్‌లో కూడా ఒక తమాషా ఉంది, ఎకానమీ అనుకున్నదానికంటే బాగా పెరిగితే కొన్ని బాండ్లకి ఎక్కువ కట్టాలి. బాగుపడినా ఖర్చే అన్నమాట.

నేను కాలెండర్‌లో పెట్టుకున్నవి రెండు. 2027లో ఐఎంఎఫ్ ప్రోగ్రాం అయిపోతుంది, 2028 నుంచి ఇండియా, జపాన్, చైనా లాంటి దేశాల అప్పుల అసలు కట్టడం మొదలవ్వాలి. ప్రెసిడెంట్ అనుర కుమార దిసనాయకె ఇప్పటిదాకా ఐఎంఎఫ్ గీత దాటలేదు, ఎలక్షన్ ముందు ఆయన మాట్లాడిన తీరు చూసి నేను దాటేస్తాడేమో అనుకున్నా, తప్పు నాదే. కానీ 2029లో మళ్లీ ప్రెసిడెంట్ ఎలక్షన్ ఉంది, అంటే పైన ఐఎంఎఫ్ కాపలా ఉండదు, అప్పుల అసలు తీర్చడం అప్పటికే మొదలై ఉంటుంది, కింద 18 శాతం వాట్‌తో విసిగిపోయిన జనం. అలాంటప్పుడు మైకు పట్టుకున్నవాడు ఎవడో ఒకడు ట్యాక్స్ తగ్గిస్తా అనకుండా ఉంటాడా? నాకైతే డౌటే.