పెద్ద నగరంలో అద్దె ఇల్లు: ప్రకటనలో చెప్పని ఖర్చులు, చూడాల్సిన సంగతులు

ఇల్లు వెతికేటప్పుడు అందరి చూపూ ముందు అద్దె అంకె మీదే పడుతుంది. నెల తిరిగేసరికి మన చేతిలోంచి పోయేది మాత్రం అదొక్కటే కాదు. మెయింటెనెన్స్, రానూపోనూ ఖర్చు, బ్రోకర్ కమీషన్, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోసుకునే డబ్బు, ఇవన్నీ కలిపితేనే ఆ ఇంటి అసలు ధర.

లెక్క వేసి చూద్దాం. శివారులో ఒక ఇంటి అద్దె 100 అనుకోండి. మెయింటెనెన్స్ 12, ప్రయాణానికి 20. బ్రోకర్‌కి ఒక నెల అద్దె ఇచ్చి ఏడాది ఉంటే ఆ భారం నెలకు 8 పైచిలుకు. మొత్తం 140. ఆఫీసుకు దగ్గర్లో మెయింటెనెన్సుతో కలిపి 122 చెప్పే ఇల్లు, బ్రోకర్ లేకుండా, ప్రయాణానికి 5తో సరిపోయేది దొరికితే 127కే తేలుతుంది. ముందు 22 ఎక్కువనిపించిన ఇల్లే చివరికి 13 తక్కువ. చూసిన ప్రతి ఇంటికీ ఇలా ఒక వరుస రాసుకోండి. అడ్వాన్సును ఖర్చులో కలపక్కర్లేదు. కానీ అది మన చేతికి అందని డబ్బు, ఎన్ని నెలల అద్దె అడుగుతున్నారో పక్కన వేసుకోండి.

జీతంలో 30 శాతానికి మించి అద్దె కట్టకూడదనే మాట అందరూ వినే ఉంటారు. దీని మూలం అమెరికా ప్రభుత్వ గృహాల నిబంధన. 1969లో అక్కడ అద్దెను ఆదాయంలో 25 శాతానికి పరిమితం చేశారు, 1981లో దాన్ని 30 చేశారు. ఒక పథకం కోసం పెట్టిన అంకె అది, ఎవరి ఇంటి బడ్జెట్ చూసీ లెక్కగట్టింది కాదు. అప్పుల వాయిదాలు, ఇంటికి పంపే డబ్బు, పిల్లల ఫీజులు పోగా ఎంత మిగులుతుందో చూసుకుని మీ హద్దు మీరే గీసుకోవడం మేలు.

ఎక్కడ వెతకాలన్నది దూరంతో కాకుండా ప్రయాణ సమయంతో తేల్చుకోండి. ఆఫీసు నుంచి 45 నిమిషాల్లో చేరగలిగే రైలు స్టేషన్లు, పెద్ద బస్టాపులు మ్యాప్‌లో గుర్తు పెట్టి, ఒక్కోదాని చుట్టూ 800 మీటర్ల వృత్తం గీయండి. మామూలు నడకలో అది 10 నిమిషాలు. పేరున్న స్టేషన్ దాటాక ఒకటి రెండు స్టాపులు అవతల, లేదా పట్టాలకు రెండో వైపు, అలాంటి ఇళ్లే తక్కువకు దొరకడం మామూలు. ఆ దారిలో ఒకసారి పనిరోజు ఉదయం ఆఫీసు వేళకే వెళ్లి చూడండి. ఆదివారం మధ్యాహ్నం 25 నిమిషాలు పట్టిన దారి సోమవారం గంట తినేస్తుంది.

వెబ్‌సైట్లు, యాప్‌లు చూడండి, కానీ వాటితో ఆగిపోవద్దు. నచ్చిన నాలుగైదు వీధుల్ని కాలినడకన తిరిగితే, ఆన్‌లైన్‌లోకి ఎక్కని టు-లెట్ బోర్డులు కనిపిస్తాయి. వాచ్‌మన్‌ను అడిగితే వచ్చే నెల ఎవరు ఖాళీ చేస్తున్నారో చెబుతాడు. చాలాచోట్ల ఒక నెల నోటీసు ఇవ్వాలి కాబట్టి, ఖాళీ అవబోయే ఇంటి కబురు నెల ముందే ఆ భవనంలో తెలిసిపోతుంది. కాలేజీలు తెరిచే రోజుల్లో పోటీ ఎక్కువ. వీలుంటే ఆ సీజన్ తప్పించండి.

బేరమాడడానికి మొహమాటపడొద్దు. ఇల్లు ఒక నెల ఖాళీగా ఉంటే యజమానికి ఏడాది అద్దెలో 8.3 శాతం పోయినట్టే. అద్దె 5 శాతం తగ్గించి వెంటనే ఇచ్చేస్తే ఆయనకే లాభం. మూడు వారాలుగా ప్రకటనలో ఉన్న ఇంటికి ఈ మాట బాగా పనిచేస్తుంది. ఫలానా తేదీన దిగుతాను, ఏడాది కచ్చితంగా ఉంటాను అని చెప్పి, ఆ తర్వాత అంకె అడగండి. తగ్గించకపోతే మెయింటెనెన్స్ అద్దెలో కలపమనో, రంగులు వేయించమనో అడగొచ్చు.

ఇక ఇల్లు చూడడం. కొత్త టైల్స్, మెరిసే లైట్లు చూసి మురిసిపోకండి. స్నానాల గదిలో 10 లీటర్ల బకెట్ పెట్టి కుళాయి పూర్తిగా తిప్పండి. రెండు నిమిషాల్లోపు నిండాలి. నిండుతుండగానే వంటింటి కుళాయి కూడా తెరవండి. ధార సగానికి పడిపోయిందంటే పైపులు సన్నవి, లేదా తుప్పో సున్నమో పట్టి మూసుకుపోతున్నాయి. పై అంతస్తులో ఇది మరీ ముఖ్యం. ట్యాంకు నీటి మట్టం కుళాయి కంటే ఒక్కో మీటరు పైన ఉంటే 0.1 బార్ ఒత్తిడి మాత్రమే వస్తుంది, ట్యాంకు నెత్తి మీదే ఉన్న ఇంట్లో షవర్ బొట్లు బొట్లుగా రావడం అందుకే.

తర్వాత మీటరు దగ్గరికి వెళ్లండి. ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపేయించి, మీ ఇంటి మీటర్ మీద మినుకుమినుకుమనే చిన్న లైటును రెండు నిమిషాలు గమనించండి. ఇంకా మినుకుతోందంటే మెట్ల లైట్లో, నీళ్ల మోటారో, పక్కింటి గదో ఆ మీటరు మీదే నడుస్తున్నట్టు. అది సరిచేసేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి. నెలనెలా ఆ బిల్లు కట్టాల్సింది మీరే.

గోడలో ఒక్కచోట మాత్రమే కొత్త రంగు కనిపిస్తే చెమ్మను కప్పారేమోనని అనుమానించాలి. కింది భాగంలో అరచేయి ఆనించి చూడండి, వేలితో తట్టండి. బోలుగా మోగితే లోపల ప్లాస్టర్ వదిలేసింది. తెల్లని పొడి రాలుతుంటే నీటితో పైకొచ్చిన ఉప్పు అది. బాత్రూమ్‌లో దుర్వాసన వస్తే మాత్రం వెంటనే వద్దనుకోకండి. చాలా రోజులు వాడకపోతే జాలీ కింద నిలిచి ఉండాల్సిన నీరు ఆరిపోయి వాసన పైకి వస్తుంది. రెండు మగ్గుల నీళ్లు పోసి పావుగంట ఆగండి. తగ్గితే సమస్య లేదు, తగ్గకపోతే పైపుల్లోనే తేడా ఉంది.

టేపు దగ్గర పెట్టుకోండి. ప్రకటనలో చెప్పే విస్తీర్ణంలో మెట్లు, కారిడార్ల వాటా కూడా కలిసి ఉండొచ్చు. మీ మంచం, బీరువా కొలతలు ముందే రాసుకుని వెళ్తే గది చాలుతుందో లేదో అక్కడే తేలుతుంది.

లిఫ్ట్ లేని మూడో అంతస్తు, పాతకాలపు వంటగది, మీకు బండి లేకపోతే పార్కింగ్ లేకపోవడం, వీటితో సర్దుకుంటే అద్దె బాగా తగ్గుతుంది, పెద్దగా ఇబ్బందీ ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే మెట్ల సంగతి వేరు. నీళ్లు, వైరింగ్, చెమ్మ, ప్రమాదం జరిగితే బయటపడే దారి, ఈ నాలుగింట్లో మాత్రం ఎంత తగ్గించినా రాజీపడొద్దు.

ఇల్లు చూపించకముందే టోకెన్ అడిగేవాళ్లకు పైసా కూడా పంపకండి. యజమాని ఊళ్లో లేడు, తాళాలు కొరియర్లో వస్తాయి, ఇంకో ఇద్దరు అడుగుతున్నారు అని తొందరపెడితే అక్కడితో మాట ఆపేయండి. ఫొటోలను ఇమేజ్ సెర్చ్‌లో పెడితే వేరే ఊరి ప్రకటనలో అవే కనబడడం కొత్తేమీ కాదు. యజమానినని చెప్పే మనిషి గుర్తింపు కార్డులో పేరు, ఇంటి పన్ను రసీదులో పేరు ఒకటేనా చూడండి. వేరైతే అద్దెకివ్వడానికి ఆయనకున్న అధికారం కాగితం మీద చూపించమనండి.

అగ్రిమెంట్‌లో అద్దె పెంపు శాతం తప్పకుండా ఉండాలి. ఏటా 5 శాతమైతే మూడో ఏట 100 అద్దె 110.25 అవుతుంది, 10 శాతమైతే 121. అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి, దేనికి కోసుకోవచ్చు, పెద్ద రిపేర్లు ఎవరివి, నోటీసు ఇద్దరికీ సమానమేనా, గడువులోపు ఖాళీ చేస్తే ఎంత కట్టాలి, ఇవి నోటిమాటగా వదిలేయకండి. స్నేహితులతో కలిసి తీసుకుంటే అందరి పేర్లూ రాయించండి. ఒక్కరి పేరే ఉంటే, మిగతావాళ్లు వెళ్లిపోయినా మొత్తం అద్దె ఆ ఒక్కరి నెత్తినే పడుతుంది.

తాళాలు తీసుకున్న రోజే, సామాను దించకముందు, గది గదికీ వీడియో తీయండి. పగిలిన టైలు, గీతలు పడ్డ తలుపు, గోడకున్న మేకు రంధ్రాలు, కరెంటు, నీళ్ల మీటర్ల రీడింగులు అన్నీ అందులో పడాలి. అదే రోజు దాన్ని యజమానికి మెసేజ్‌లో పంపి, చూశానని ఒక జవాబు తెప్పించుకోండి. ఖాళీ చేసే రోజు అదే వరుసలో ఇంకో వీడియో తీసి, రెండూ ఆయనతో కలిసి చూసి, లెక్క తేలాకే తాళాలు ఇవ్వండి.