ఒక చెరువుకి ఒక ఎపిసోడ్

మన చెరువులు, కాలువల చరిత్ర మీద తెలుగులో ఒక పాడ్‌కాస్ట్ నడుపుతున్నాను. చదవడం, రాయడం, రికార్డింగ్, ఎడిటింగ్, అప్‌లోడ్, చివరికి నలుగురికీ చేరవేయడం దాకా అన్నీ నేనే చూసుకుంటాను. పగలంతా ఆఫీసు, సాయంత్రం పిల్లల చదువులు. ఇంత హడావుడిలోనూ ఇది ఆగకుండా సాగుతోందంటే, ఒక ఎపిసోడ్‌లో ఒకే ఒక్క చెరువు గురించి మాట్లాడాలని మొదట్లోనే గీత గీసుకోవడం వల్లే. పని తగ్గిందీ దానివల్లే, వినేవాళ్లు పెరిగిందీ దానివల్లే. ఒంటరిగా పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలనుకునేవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

"కాకతీయుల నీటిపారుదల" అని ఒక ఎపిసోడ్ అనుకుందాం. రామప్ప, పాకాల, లక్నవరం అన్నీ అందులోకి వస్తాయి. నెల రోజులు చదివినా ఇంకా ఏదో మిగిలిపోయిందనే టెన్షన్ పోదు. అదే పోరుమామిళ్ల చెరువు ఒక్కటే తీసుకుంటే? కడప జిల్లాలోని ఆ చెరువుకి 1369 నాటి శాసనం ఉంది. కట్టించినవాడు విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు. మంచి చెరువుకి ఉండాల్సిన 12 అంగాలేమిటో, రాకూడని 6 దోషాలేమిటో ఆ శాసనంలోనే చెక్కించాడు. కట్ట పనికి వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల శ్రమ అని లెక్క కూడా రాయించాడు. ఈ శాసనపాఠం, శాసనాలు అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో అచ్చయింది. ఆ ఒక్క వ్యాసం శ్రద్ధగా చదివితే ఎపిసోడ్‌కి కావలసిన సరుకంతా దొరుకుతుంది. రెండు మూడు సాయంత్రాల్లో చదవడం అయిపోతుంది.

ఇంటర్వ్యూలు పెట్టమని చాలామంది చెప్పారు. ఇంటర్వ్యూలంటే నాకూ ఇష్టమే. కానీ ఒక్కరే పనిచేసేటప్పుడు అవి చాలా సమయం తినేస్తాయి. అవతలివాళ్లకి తీరిక దొరకాలి, నెట్ బాగుండాలి, వాళ్ల గదిలో చప్పుడు మన చేతిలో ఉండదు. గంటసేపు మాట్లాడితే అందులోంచి పన్నెండు నిమిషాలు ఏరాలి. అందుకని నేను ఆ ఊరివాళ్లకి వాట్సాప్‌లో ఒకే ఒక ప్రశ్న పంపుతాను. "మీ ఊరి చెరువు తూము ఎవరు తీసేవారు, ఎలా తీసేవారు?" జవాబు వాయిస్ మెసేజ్‌గా పెట్టమంటాను. అలా ఒక పెద్దాయన, తాను నీరటిగా, అంటే చెరువు నీళ్లు వదిలే మనిషిగా ఉన్న రోజుల గురించి చెప్పారు. తూము కర్ర బిగుసుకుపోతే నీళ్లలోకి దిగి, బిరడా చుట్టూ పేరుకున్న ఒండ్రు చేత్తో తీసేవారట. నీళ్ల లాగుడుకి కొట్టుకుపోకుండా నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస కట్ట మీద ఉన్న మనిషికి ఇచ్చేవారట. ఒక నిమిషం కూడా లేని ఆ మాటల వెనకాల మేకల అరుపులు వినబడుతున్నాయి. వాటిని తీసెయ్యలేదు. ఏ పుస్తకంలోనూ దొరకని సమాచారం అది, ఆయన గొంతులోనే ఉండాలి. వాట్సాప్ వాయిస్ ఫైళ్లు ఓపస్ అనే ఫార్మాట్‌లో ఉంటాయి. నేను ఎడిటింగ్‌కి వాడే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్ అనే అదనపు లైబ్రరీ కలుపుకుంటే నేరుగా తెరుచుకుంటాయి. పంపేముందే, పాడ్‌కాస్ట్‌లో వాడుకుంటానని చెప్పి ఒప్పుకుంటున్నట్టు ఒక మెసేజ్ తీసుకోవడం మాత్రం మరవకండి.

స్క్రిప్టు మొత్తం రాసుకునే చదువుతాను. కొందరు పాయింట్లు రాసుకుని మాట్లాడేస్తారు. అది వచ్చినవాళ్లకి మంచిదే. నాకు మాత్రం రాసుకుంటేనే ఎడిటింగ్ సగానికి సగం తగ్గుతుంది. అయితే రాత చెవి కోసం ఉండాలి. "విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడగు భాస్కరునిచే నిర్మింపబడిన ఈ తటాకము" అని పుస్తకంలో చదివితే ఇబ్బంది లేదు. బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న మనిషికి వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండదు. "ఈ చెరువు కట్టించింది భాస్కరుడు. బుక్కరాయల కొడుకు. ఇది 1369 నాటి మాట." ఇలా విరుస్తాను. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో మొదలైంది. అక్కడి వార్తలు, రైతుల కార్యక్రమాలు వింటూ పెరిగినవాళ్లం మనలో ఎందరో. చిన్న వాక్యం, దాని తరవాత ఊపిరి తీసుకునేంత విరామం, అంకె వచ్చినప్పుడు కాస్త నెమ్మది, ఇవన్నీ నాకు రేడియో నేర్పినవే. రాస్తున్నప్పుడే ప్రతి పేరా పైకి చదువుతాను. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం మారుస్తాను. మైకు ముందు తడబడి మళ్లీ చదవడం కన్నా ఇది చాలా తేలిక.

రికార్డింగ్ తెల్లవారుజామున. అపార్ట్‌మెంట్‌లో బోరు మోటార్ మొదలవకముందు, కింద వాటర్ ట్యాంకర్ రాకముందు, ఏ ఇంట్లోనూ కుక్కర్ విజిల్ వేయకముందు. పడకగదిలో బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి దానికి ఎదురుగా కూర్చుంటాను. చీరలు, దుప్పట్లు గొంతు ప్రతిధ్వనిని పీల్చేస్తాయి. వెనక గోడకి ఒక బొంత వేలాడదీస్తాను. ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి. మే నెలలో చెమటలు కారిపోతాయి, అయినా తప్పదు. ఫ్యాను చప్పుడు ఒకసారి గొంతుతో కలిసిపోయాక ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా విడదీయలేదు.

మైకు కొనేటప్పుడు మాత్రం ఒక సంగతి చూసుకోండి. కండెన్సర్ మైకులు గదిలోని ప్రతి చిన్న చప్పుడునీ పట్టేస్తాయి. స్టూడియోలో అది గుణం, మన ఇళ్లలో సమస్య. యూఎస్‌బీ ఉన్న డైనమిక్ మైకు చాలు, ముందున్న నోటినే ఎక్కువగా వింటుంది. నోటికి నాలుగైదు వేళ్ల దూరంలో, సూటిగా కాకుండా కాస్త పక్కకి తిప్పి పెట్టుకోవాలి. మన ప, ఫ, భ పలికినప్పుడు వచ్చే గాలి దెబ్బ నేరుగా తగిలితే "భాస్కరుడు" అన్నచోటల్లా ఢబ్‌మని వినబడుతుంది.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ సమయం మిగిల్చిన పద్ధతి. ఆడాసిటీలో పంచ్ అండ్ రోల్ అనే సదుపాయం ఉంది. 2018 నుంచి ఉన్నా దీన్ని వాడేవాళ్లు నాకు చాలా తక్కువమంది కనబడ్డారు. చదువుతూ తప్పు పోయిందనుకోండి, రికార్డింగ్ ఆపి, బాగున్న చివరి మాట తరవాత కర్సర్ పెట్టి, షిఫ్ట్, డీ కలిపి నొక్కాలి. వెనక్కి ఐదు సెకన్లు వెళ్లి మన గొంతే మనకి వినిపిస్తుంది. కర్సర్ దగ్గరికి రాగానే తనంతట తనే మళ్లీ రికార్డింగ్ మొదలవుతుంది. ముందు మాటల ఊపు చెవిలో ఉంటుంది కాబట్టి స్థాయి, వేగం కలిసిపోతాయి. పాత తప్పు అక్కడికక్కడే చెరిగిపోతుంది. స్క్రిప్టు ముగిసేసరికి చేతిలో ఇంచుమించు పూర్తయిన ఎపిసోడ్ ఉంటుంది. తరవాత తప్పులు వెతుక్కుంటూ గంటలు కూర్చునే పని ఉండదు. మన మాట మనకే వినబడుతుంది కాబట్టి ఇయర్‌ఫోన్లు తప్పనిసరి, లేకపోతే అది కూడా రికార్డయిపోతుంది. గొంతు బాగున్న రోజున రెండు స్క్రిప్టులు చదివేస్తాను, అంతకుమించి చదవను. మూడోదానికి గొంతులో అలసట తెలిసిపోతుంది.

మిగతా ఎడిటింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రికార్డింగ్ మొదట్లో పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా ఉంటే, ఆ నిశ్శబ్దాన్ని నమూనాగా చూపించి గది చప్పుడు తగ్గించవచ్చు. కొంచెమే తగ్గించండి, ఎక్కువైతే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. గొంతు కింద వినబడే గూం అనే చప్పుడు తీసేయడం, హెచ్చుతగ్గులు సర్దడం, మొత్తం శబ్దాన్ని మైనస్ 16 లఫ్స్‌కి (లఫ్స్ అంటే చెవికి ఎంత గట్టిగా వినబడుతుందో చెప్పే కొలత) తేవడం, ఈ మూడూ ఒక మ్యాక్రోగా, అంటే వరసగా తనే చేసుకుపోయే పనుల జాబితాగా పెట్టుకుంటే ఒక్క క్లిక్కుతో అయిపోతాయి. ఆ మైనస్ 16 యాపిల్ వాళ్లు పాడ్‌కాస్టులకి సూచించే కొలత. ఒక్క గొంతుకి స్టీరియో అక్కర్లేదు. మోనోలో 96 కేబీపీఎస్ ఎంపీ3 తీస్తే పద్నాలుగు నిమిషాల ఎపిసోడ్ 10 ఎంబీ అవుతుంది. పల్లెల్లో ఫోన్ డేటా మీద వినేవాళ్లకి ఇది ముఖ్యం.

సంగీతం దగ్గర జాగ్రత్త. సినిమా పాట ముక్క పది సెకన్లే కదా అని పెట్టుకోవడం వద్దు. పది సెకన్లయితే పరవాలేదన్న మినహాయింపు చట్టంలో ఎక్కడా లేదు. త్యాగరాజస్వామి 1847లో పరమపదించారు, ఆయన కృతులు అందరివీ. కానీ ఎవరో పాడిన రికార్డు అందరిదీ కాదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్ మీద హక్కు, అది విడుదలైన తరవాతి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. మా పక్క ఫ్లాట్‌లో వీణ నేర్చుకుంటున్న అమ్మాయి నాకోసం ఒక కృతి పల్లవి వాయించి ఇచ్చింది. వాళ్ల అమ్మగారి సంతకంతో ఒక కాగితం రాయించుకున్నాను. ప్రతి ఎపిసోడ్ చివరా ఆ అమ్మాయి పేరు చెబుతాను.

ఆడియో ఒక హోస్టింగ్ సర్వీసులో పెడితే వాళ్లు ఒక ఆర్‌ఎస్‌ఎస్ లింకు ఇస్తారు, మన ఎపిసోడ్‌ల జాబితా యాప్‌లకి అందేది దాని ద్వారానే. దాన్ని స్పాటిఫై, యాపిల్, యూట్యూబ్‌లకి ఒకసారి ఇస్తే చాలు, కొత్త ఎపిసోడ్ అన్నిచోట్లా తనే కనబడుతుంది. ఆ లింకు మీ చేతిలో ఉండేలా, కావాలంటే వేరే హోస్టింగ్‌కి మళ్లించుకునేలా చూసుకోండి. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడింది. ఆ యాప్‌లో వినేవాళ్లు వేరే యాప్‌కి మారారు తప్ప, ఆర్‌ఎస్‌ఎస్ ఉన్న పాడ్‌కాస్టులకి ఏమీ కాలేదు.

ఇప్పుడు వినేవాళ్ల సంగతి. ఒక చెరువుకి ఒక ఎపిసోడ్ అన్న నియమం ఇక్కడే అసలు ఫలం ఇచ్చింది. "కాకతీయుల నీటిపారుదల" అన్నది ఏ ఊరివాళ్లదీ కాదు. పోరుమామిళ్ల చెరువు ఎపిసోడ్ పోరుమామిళ్ల వాళ్లది. వాళ్ల ఊరి గ్రూపుల్లో, బడి పూర్వ విద్యార్థుల గ్రూపుల్లో తిరుగుతుంది. డాలస్‌లో స్థిరపడ్డ ఆ ఊరి పిల్లలకి తల్లిదండ్రులే పంపుతారు. అందుకే నేను ఎపిసోడ్ విడుదలయ్యాక లింకుని కనబడిన ప్రతి గ్రూపులోనూ పడెయ్యను. ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ని వాట్సాప్ ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది, పైగా రెండు బాణాల గుర్తు చూడగానే జనం తెరవడం మానేస్తారు. ఆ ఊళ్లో ఒక టీచరో, లైబ్రేరియనో, వాయిస్ మెసేజ్ పంపిన పెద్దాయన మనవడో ఉంటారు. "అన్నా, మీ తాతగారి గొంతు ఎనిమిదో నిమిషంలో వస్తుంది, వినండి" అని విడిగా మెసేజ్ పెడతాను. ఆయన తన ఊరివాళ్లకి తన మాటల్లో చెప్పుకుంటాడు. నేను డబ్బులు పెట్టి ప్రకటన ఇచ్చినా అంత నమ్మకం రాదు.

శీర్షికలో ఊరి పేరు మొదట పెడతాను. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి. మనవాళ్లలో ఎక్కువమంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు.

అంకెలు చూసేటప్పుడు ఒక విషయం తెలిసి ఉండాలి. ఐఏబీ అనే ఆన్‌లైన్ ప్రకటనల సంస్థ ప్రమాణం పాటించే హోస్టింగులు కనీసం ఒక నిమిషం ఆడియో దిగితేనే ఒక డౌన్‌లోడ్‌గా లెక్కిస్తాయి. దిగినంత మాత్రాన విన్నట్టు కాదు. అందుకని నేను డౌన్‌లోడ్‌ల కన్నా, ఎక్కడ వదిలేస్తున్నారో చూపించే గీతనే ఎక్కువ చూస్తాను. మొదటి నిమిషంలోనే చాలామంది దిగిపోతున్నారని కనబడింది. నమస్కారం, నా పేరు, కార్యక్రమం ఉద్దేశం, ఇవన్నీ చివరికి జరిపాను. ఇప్పుడు ఎపిసోడ్ నేరుగా విషయంతో మొదలవుతుంది. "2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడాల జాబితాలో మన చెరువులు రెండు చేరాయి. అందులో ఒకటి కంభం చెరువు." ఆ ఊరివాళ్లలోనే చాలామందికి కొత్త సంగతి ఇది. గీత అక్కడ నిలబడింది.

జూన్ నుంచి విరామం తీసుకుంటాను. ఆ విషయం ముందే ఎపిసోడ్‌లో చెప్పేస్తాను కాబట్టి ఎవరూ ఎదురుచూసి విసుక్కోరు. వానలు పడి చెరువులు నిండితే అలుగు పారే చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకోవడానికి అదే సమయం.

వచ్చే సీజన్ కె.సి. కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ మీద. అదే 2020 జాబితాలో అదీ ఉంది. 1863లో పని మొదలుపెట్టింది ఒక ప్రైవేటు కంపెనీ, నష్టాలొచ్చాక 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా సాగే కాలువ అది, ఒక ఎపిసోడ్‌లో ఇమడదు. కాలువ వెంట ఎక్కడెక్కడ ఆగాలో ఊళ్ల వారీగా రాసుకుంటున్నాను. మొదటి ఎపిసోడ్ సుంకేసుల ఒక్కటే. అక్కడ లాకుల దగ్గర పనిచేసినవాళ్లు మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే, వాళ్ల చేత ఒక వాయిస్ మెసేజ్ పెట్టించండి.