పర్లాకిమిడిలో పిన్ని నడిచే దారి

పాతపట్నం దాటిన కొద్దిసేపటికే మహేంద్రతనయ ఒడ్డున ఉన్న పర్లాకిమిడి వచ్చేస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ఊరు అటు చేరినా, బజారులో ఇప్పటికీ తెలుగూ ఒడియా కలిసే వినిపిస్తాయి. మా పిన్ని అక్కడే ఉంటుంది. ఆమెకు చక్కెర వ్యాధి. రోజూ నడవడం లేదని ఫోన్లో ఎన్నోసార్లు కసిరాను. ఈసారి వెళ్లింది మాత్రం, మనుషుల తిండినీ వ్యాయామాన్నీ పరిసరాలు ఎలా మలుస్తాయో పరిశీలిస్తున్న ఒక చిన్న బృందాన్ని చూడడానికి.

వారి గది గోడకు ఊరి పటం ఉంది. ఇంటి చుట్టూ నడిచి చేరగల దూరంలో కూరగాయలు ఎక్కడ దొరుకుతాయో, చిప్స్ ప్యాకెట్లు ఎక్కడ దొరుకుతాయో వేర్వేరు రంగుల చుక్కలతో గుర్తించారు. ఎంతసేపు నడుస్తున్నారని అడిగితే చాలామంది ఉన్నదానికంటే ఎక్కువే చెబుతారు కాబట్టి, కదలికలను నమోదు చేసే చిన్న పరికరాన్ని ఏడు రోజులు నడుముకు కట్టించి, స్నానానికి మాత్రం తీయమంటారు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ నిమిషాలకు వీధిలో చోటుందా అన్నదే వీరి ప్రశ్న.

మర్నాడు వారితో కలిసి పిన్ని వీధికి వెళ్లాను. కాలిబాట, నీడ, దీపాలు, కుక్కలు, వాహనాల వేగం అన్నీ ఒక్కొక్కటిగా ఫారంలో నింపుతుంటే, ఎన్నో ఏళ్లుగా నేను వచ్చిపోతున్న ఆ వీధిని మొదటిసారి చూసినట్టనిపించింది. మూలనున్న కిరాణా కొట్టులో బిస్కెట్లు పిల్లల కళ్లకు ఎదురుగా వేలాడుతున్నాయి. చోడిపిండి (రాగిపిండి) అడిగితే కొట్టతను లోపలికి వెళ్లి వెతికి తెచ్చాడు. కాలువ మీద రెండు పలకలు లేవు.

"నేను నడవనని ఎవరన్నారు నాయనా? పొద్దున్నే ఈ దారిన ట్రాక్టర్లు, మధ్యాహ్నం ఎండ, సాయంత్రమైతే చీకటి. ఇంకెప్పుడు నడవమంటావో నువ్వే చెప్పు" అంది పిన్ని.

నా దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్లూ ఆమెను బద్ధకస్తురాలి కింద జమకట్టినందుకు సిగ్గుపడ్డాను.

తరువాత ఆమె మమ్మల్ని గుడి ఆవరణకు తీసుకెళ్లింది. వీధిలోని ఆడవాళ్లు పదిమంది, కబుర్లు చెప్పుకుంటూ ప్రదక్షిణలు చేస్తున్నారు. నున్నటి రాతి నేల, చుట్టూ ప్రహరీ, మధ్యలో రావిచెట్టు నీడ, బండ్ల రాకపోకలు లేవు. ఫారంలో దానికి గడి లేకపోవడంతో బృందంలోని అమ్మాయి అట్టడుగున 'గుడి ఆవరణ' అని చేత్తో రాసుకుంది.

నడుముకు పరికరం కట్టించుకుంటూ పిన్ని ఆమెను ఒక్కటే అడిగింది: "దేవుడి చుట్టూ తిరిగినవి కూడా ఇందులో లెక్కకొస్తాయా అమ్మా?"

"అవే ముందు లెక్కకొస్తాయి పిన్నిగారూ" అంది ఆ అమ్మాయి.