సబ్ జైల్లో మా తమ్ముడికి మందులు అందేదాకా

మా తమ్ముడు రిమాండ్‌లో ఉన్నప్పుడు బెయిలు కోసం తిరిగినదానికంటే వాడి మాత్రలు వాడికి అందేలా చేయడానికి ఎక్కువ తిరిగాం. జైలు గేటు దగ్గర మాలాంటి వాళ్లు చాలామంది కనిపించారు. కొడుక్కి మతి స్థిమితం లేదని చెబితే లోపల నవ్వారని ఏడ్చిన తల్లులూ ఉన్నారు. ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వాడికి బైపోలార్, అంటే కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు కుంగుబాటు వచ్చే మానసిక జబ్బు. కాలేజీ రోజుల్లోనే బయటపడింది. దానికిచ్చే లిథియం మాత్రలు సరిగ్గా వేసుకున్నంతకాలం పొద్దున్నే లేచి పనికెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చే మనిషి. తాగుడు తర్వాత వచ్చి చేరింది. తాగడం మొదలైతే మాత్రలు మానేస్తాడు, మాత్రలు మానేస్తే నిద్ర పట్టదు, నాలుగు రాత్రులు నిద్ర లేకపోతే ఇక వాణ్ని ఆపడం ఎవరి తరమూ కాదు. అలాంటి ఒక రాత్రి వీధిలో కేకలు వేశాడు, ఎవరిదో బండి అద్దం పగిలింది, పోలీసులొచ్చారు, వచ్చినవాళ్లలో ఒకాయన్ని వీడు నెట్టేశాడు. డ్యూటీలో ఉన్న ప్రభుత్వోద్యోగి మీద చేయి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్, నాన్ బెయిలబుల్.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. జబ్బు వల్ల తనకో ఎదుటివాళ్లకో ప్రమాదంగా ఉన్నాడని అనిపించిన మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించాలని, అలాంటివాణ్ని లాకప్‌లో పెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్‌లో ఉంది. కానీ ఎఫ్ఐఆర్ ఒకటి పడ్డాక ఆ దారి గురించి ఎవరూ మాట్లాడరు. స్టేషన్‌కి ఓపీ చీటీలు, మాత్రల స్ట్రిప్పులు పట్టుకెళ్తే "ఇక్కడ మందులివ్వకూడదమ్మా, ఏమన్నా అయితే మా మీదకొస్తుంది" అన్నారు. అరెస్టు తర్వాత డాక్టరు పరీక్ష తప్పనిసరి, వీడికీ చేయించారు, అయితే ఆ పరీక్షలో చూసింది ఒంటిమీద దెబ్బలున్నాయా, బీపీ ఎంత అని మాత్రమే. ఏం మందులు వాడుతున్నావని అడిగినవాళ్లు లేరు. మేజిస్ట్రేట్ ముందు కూడా పోలీసులు కొట్టారా అని అడిగితే లేదన్నాడు. అది నిజమే. జబ్బు మాట రికార్డులోకి ఎక్కకుండానే వాడు సబ్ జైలుకి వెళ్లిపోయాడు.

సబ్ జైళ్లు ఎలా ఉంటాయో చూడనివాళ్లకి తెలియదు. మేం చూసినదాంట్లో రోజూ ఉండే డాక్టరు లేడు, ప్రభుత్వ ఆస్పత్రి నుంచి అప్పుడప్పుడూ వచ్చిపోయేవాడు. సైకియాట్రిస్టు మాటే లేదు. ఉన్న వార్డర్లు లెక్కలు చూసుకోవడానికి, తలుపులు వేసుకోవడానికే సరిపోతారు. అలాంటిచోట రాత్రంతా మాట్లాడుతూనే ఉండే మనిషిని ఏం చేయాలో వాళ్లకి ఎవరూ నేర్పలేదు. ఈ మాట వాళ్లని వెనకేసుకొచ్చి చెప్పడం లేదు, తర్వాత జరిగింది చదివితే మీకే తెలుస్తుంది.

మొదటి ములాఖత్‌లో ఇనుప జాలీకి అటువైపు వాడు నిలబడలేకపోయాడు. చేతులు వణుకుతున్నాయి, పెదాలు ఎండి పగిలిపోయాయి, చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. జాలీలోంచి వేలు పెట్టి "అక్కా, ఆ గోడలో ఉన్నవాళ్లు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు, నువ్వెళ్లి చెప్పు" అన్నాడు. మణికట్ల చుట్టూ ఎర్రటి గీతలున్నాయి. అడిగితే పక్కనున్న వార్డర్ "రాత్రంతా వేషాలేస్తున్నాడమ్మా, పక్కవాళ్లు కొడతారని కిటికీ చువ్వకి కట్టాం" అన్నాడు, ఏదో సాయం చేసినట్టు. అప్పటికే పక్కవాళ్లు కొట్టారని తర్వాత తెలిసింది. నిద్ర చెడగొడుతున్నాడని ఒక రాత్రి దుప్పటి కప్పి కొట్టారట. ఆ తర్వాత వేరే గదిలో ఒంటరిగా పెట్టారు. పిచ్చాసుపత్రి అని మనం పిలిచే చోట కూడా రోగిని ఒంటరిగా బంధించకూడదని అదే 2017 చట్టం 97వ సెక్షన్ చెబుతోంది. మా వాడు రిమాండ్ ఖైదీ, ఏ కోర్టూ వాడికి ఇంకా శిక్ష వేయలేదు.

ఆ వణుకు వేషం కాదు. రోజూ తాగే మనిషికి తాగుడు ఒక్కసారిగా ఆగిపోతే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి, మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనిపించడం, వినిపించడం, మనిషి తెలివి తప్పిపోవడం జరగొచ్చు. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ఆస్పత్రిలో అయితే లోరాజెపామ్ లాంటి మందు, థయమిన్ ఇంజెక్షన్లు ఇచ్చి ఒడ్డున పడేస్తారు. జైల్లో అదే మనిషిని చూసి నాటకాలంటారు. బ్యారక్‌లో ఇంకొకాయనకి ఫిట్స్ వచ్చి పడిపోతే తాళాలు చేతిలో పెట్టి, మొహం మీద నీళ్లు కొట్టి వదిలేశారని బెయిలు మీద బయటికొచ్చిన ఒకతను చెప్పాడు. ఆయన బతికాడు, అంతవరకే నాకు తెలుసు.

ములాఖత్ లైనులో నా ముందు ఒకావిడ ఉండేది. కొడుకు గంజాయి తాగుతూ దొరికాడు, లోపల ఎవరితోనూ మాట్లాడటం లేదు, గోడకేసి తల కొట్టుకుంటున్నాడు. మత్తుకి బానిసైనవాడు తనంతట తానే గుర్తింపు ఉన్నచోట చికిత్సకి వస్తే, వాడినందుకో కొద్ది పరిమాణం దగ్గరున్నందుకో పెట్టిన కేసులో ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు దొరికే వీలు మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్‌లో ఉంది. ఈ మాట ఆవిడకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, వాళ్ల లాయరుతో సహా. ఇలాంటివి స్టేషన్ గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టాలి. ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

ఇక మా పని. జైలు ఆఫీసులో మాత్రలు ఇస్తే తీసుకోలేదు. బయటి మందులు లోపలికి పోకూడదు, జైలు డాక్టరు రాయాలి, లేదా కోర్టు ఆర్డరుండాలి అన్నారు. ఆ నియమం మీద నాకు కోపం లేదు, ఎవరు పడితే వాళ్లు మాత్రలిస్తే లోపల ఏమేం జరుగుతాయో ఊహించగలను. పైగా లిథియం తోచినట్టు వేసే మందు కాదు. ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు వేస్తే రక్తంలో ఎక్కువైపోయి విషమవుతుంది, అందుకే రక్త పరీక్ష చేసి మోతాదు చూస్తారు. అంటే వాడికి స్ట్రిప్పు కాదు, డాక్టరు కావాలి. మేం అడగాల్సింది అది.

మొదట వాణ్ని ఎప్పటినుంచో చూస్తున్న సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాం. ఆయన లెటర్‌హెడ్ మీద జబ్బు పేరు, ఎన్నేళ్లుగా, ఏ మందు ఎంత మోతాదు, ఆపేస్తే ఏమవుతుంది, తాగుడు ఆగితే వచ్చే ప్రమాదం ఏంటి, ఎంత తొందరగా ఆస్పత్రిలో చూపించాలి, అన్నీ విడివిడిగా రాసిచ్చారు. "చికిత్సలో ఉన్నాడు" అని ఒక్క ముక్క రాస్తే దాన్ని ఎవరూ చదవరని ఆయనే అన్నారు. పాత డిశ్చార్జ్ సమ్మరీలు, మందుల చీటీలు జత చేసి నాలుగు సెట్లు తీయించాం. జైల్లో ఒక సెట్ ఇచ్చినప్పుడు మా కాపీ మీద తేదీతో సంతకం, స్టాంపు అడిగాం. ఇవ్వడానికి గునిశారు. ఇవ్వకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపుతామన్నాక ఇచ్చారు. ఆ స్టాంపు పడ్డ రోజు నుంచి "మాకు తెలియదు" అనే మాట మళ్లీ వినపడలేదు.

తర్వాత జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లో ఉంది, ఫోన్ నంబరు 15100. మాకు అప్పటికే ఒక లాయరున్నాడు, ఆయన బెయిలు పిటిషన్ తప్ప ఇంకో మాట మాట్లాడడు. న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చిన లాయరు మేడమ్ వయసులో నాకంటే చిన్నది, కాగితాలన్నీ కూర్చుని చదివింది. చదివి ఒక మాట అడిగింది: "మీకు వైద్యం కావాలా, కేసు ఆగిపోవాలా?"

ఆ ప్రశ్న ఎందుకంటే, క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 367వ సెక్షన్ కింద నిందితుడికి మతి లేదు, తన వాదన తాను వినిపించుకోలేడు అని తేలితే విచారణ వాయిదా పడుతుంది, కేసు మాత్రం పోదు. మనిషి కోలుకున్నాడని ఎవరో గుర్తుపెట్టుకుని చెప్పేదాకా అక్కడే ఉండిపోవచ్చు. మేడమ్ అస్సాంలో మచాంగ్ లాలుంగ్ సంగతి చెప్పింది. 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక వైద్యశాలకి పంపారు, 1967లో డాక్టర్లు బాగున్నాడన్నారు, ఇంటికి పంపాల్సింది పోయి మళ్లీ జైలుకి పంపారు, బయటికొచ్చింది 2005లో. విచారణ జరగనే లేదు. మా అమ్మ అది విని లేచి బయటికెళ్లిపోయింది. కాబట్టి మేం 367 జోలికి పోకుండా, 2017 చట్టం 103వ సెక్షన్ చూపించి, ప్రభుత్వ ఆస్పత్రి సైకియాట్రీ విభాగంలో వెంటనే పరీక్ష చేయించి అవసరమైతే చేర్చాలని మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేశాం. బెయిలు పిటిషన్ దాని దారిన అది నడిచింది. అన్ని కేసుల్లోనూ ఇదే సరైనదని చెప్పను, కానీ మీ లాయర్ని ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

ఆర్డరు మేం అనుకున్నదానికంటే తొందరగా వచ్చింది. జడ్జిగారు డాక్టరు లెటర్ పూర్తిగా చదివారు. ఆర్డరు వచ్చాక కూడా వాడు కదల్లేదు, ఎందుకంటే ఆస్పత్రికి తీసుకెళ్లడానికి పోలీసు ఎస్కార్ట్ కావాలి, ఎస్కార్ట్ బందోబస్తుకి వెళ్లింది. ఆ ఎదురుచూపులు నాకు అరెస్టు రాత్రి కంటే ఎక్కువ టెన్షన్ పెట్టాయి. సమాచార హక్కు చట్టంలో మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని ఉంది. ఆర్డరు ఎప్పుడు చేరింది, ఎస్కార్ట్ కోసం ఎవరికి రాశారు, ఈరోజు వాడి ఆరోగ్యం ఎలా ఉంది అని ఆ నిబంధన కిందే దరఖాస్తు పెట్టాం. దరఖాస్తు వల్లో, మేడమ్ న్యాయ సేవాధికార సంస్థ సెక్రటరీగారితో ఫోన్ చేయించడం వల్లో, మరుసటి పొద్దున వ్యాన్ వచ్చింది.

ఆస్పత్రిలో మంచానికి బేడీ వేశారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ వచ్చి, సెలైన్ పెట్టాల్సిన చెయ్యి అదేనని, బేడీ తీసి మీరిద్దరూ తలుపు దగ్గర కూర్చోండని ఎస్కార్ట్ వాళ్లకి గట్టిగా చెప్పింది. తీశారు. నీళ్లు, ఇంజెక్షన్లు, రక్త పరీక్షలు, ఆ తర్వాతే లిథియం. మూడో రాత్రి వాడు పొద్దున్నదాకా కదలకుండా నిద్రపోయాడని నర్సు చెబితే మా అమ్మ మళ్లీ మళ్లీ అడిగించుకుంది.

బెయిలు వచ్చేసరికి వాణ్ని జైలుకి తిరిగి పంపేశారు. షూరిటీల కాగితాలు ముగిసి సాయంత్రం విడుదల చేశారు. చేతిలో మందులు లేవు, చీటీ లేదు. ఆస్పత్రిలో రాసిచ్చిన కాపీ మా దగ్గర ఉంది కాబట్టి సరిపోయింది. మీ మనిషి ఎప్పుడు ఆస్పత్రికి వెళ్లినా ఆ కాగితం ఫోటో తీసి పెట్టుకోండి. బయటికొచ్చిన వాళ్లకి ఆ వారం చాలా కష్టంగా ఉంటుంది, మళ్లీ తాగాలనిపిస్తుంది, భయం వదలదు. మానసిక ఇబ్బందులకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416, మత్తు అలవాట్లకైతే 14446, రెండూ ఉచితమే. మేం మొదటిదానికి అర్ధరాత్రి చేశాం, ఎత్తారు, ఓపిగ్గా మాట్లాడారు.

కేసు ఇంకా నడుస్తోంది. వాడు వాయిదాలకి వెళ్తున్నాడు, మందులు వేసుకుంటున్నాడు, మణికట్ల గురించి మాట్లాడడు. నేను సమాచార హక్కు కింద ఇంకో దరఖాస్తు పెట్టాను. 103వ సెక్షన్ ప్రకారం జైలు మెడికల్ ఆఫీసరు ప్రతి 3 నెలలకీ, ఈ జైల్లో మానసిక జబ్బున్న ఖైదీలెవరూ లేరని మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి ధ్రువీకరించి పంపాలి, ఉంటే ఎందుకు ఆస్పత్రికి పంపలేదని బోర్డు అడగొచ్చు. మా తమ్ముణ్ని కిటికీ చువ్వకి కట్టిన ఆ మూడు నెలల రిపోర్టు కాపీ అడిగాను. సమాచారం అందుబాటులో లేదని జవాబొచ్చింది. మొదటి అప్పీలు వేశాను.